సినిమాల్లో చూపించే పరదేశి స్నేహాలు బయట నిజంగా కుదురుతాయా?

వేరే దేశం నుంచి వచ్చినవాళ్లతో సినిమాల్లో కుదిరే స్నేహం బయట కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. మా ఇంట్లోనే కుదిరింది. సినిమాలో అయినంత త్వరగా మాత్రం కాలేదు.

మాది విశాఖలో పెదవాల్తేరు. ఆంధ్రా యూనివర్సిటీ దగ్గరే కాబట్టి విదేశీ విద్యార్థులు మాకు కొత్త కాదు. అయినా మేడ మీద గది ఒక ఇథియోపియా అబ్బాయికి అద్దెకివ్వడానికి అమ్మ వారం రోజులు ఆలోచించింది. మన సినిమాల్లో ఆఫ్రికా మనిషి కనిపిస్తే చాలాసార్లు డ్రగ్స్ అమ్మేవాడో, హీరో చేతిలో తన్నులు తినేవాడో అయ్యుంటాడు. అమ్మ భయం అక్కడి నుంచే వచ్చిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అప్పటికే అతనికి మూడిళ్లవాళ్లు గది లేదన్నారట.

మొదటి ఆరు నెలలూ గుడ్ మార్నింగ్, అద్దె, మోటారు స్విచ్. అంతకుమించి మాటల్లేవు. ఒక ఆదివారం అమ్మ చోడి పిండి, అంటే రాగి పిండి, జల్లిస్తుంటే మెట్లు దిగుతున్నవాడు ఆగిపోయాడు. చిటికెడు పిండి తీసుకుని, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి "డగుసా" అన్నాడు. వాళ్ల దేశంలో చోళ్ల పేరు అది. వాళ్లు ఇంజెరా అనే పుల్లటి పెద్ద అట్టును టెఫ్ అనే సన్నటి గింజల పిండితో వేసుకుంటారు. కొన్నిచోట్ల చోడి పిండి కూడా కలుపుతారు. అసలు చోళ్లు పుట్టిందే తూర్పు ఆఫ్రికా కొండ ప్రాంతాల్లోనట, వేల ఏళ్ల కిందట మన దేశానికి వచ్చాయట. చోడి అంబలి తాగి పెరిగినదాన్ని, అది మా ఉత్తరాంధ్ర సొంత పంటే అనుకున్నాను.

మూడు రోజులు పిండి పులియబెట్టి అట్టు వేశాడు. "ఇదేటి బాబూ, మన చోడి అట్టులాగే ఉంది!" అంది అమ్మ. అతను ముక్క తుంచి, కూర అద్ది, అమ్మ నోటి దగ్గర పెట్టాడు. గుర్షా అంటారు దాన్ని. కావలసినవాళ్లకు అలా తినిపించడం వాళ్ల ఆచారం. అమ్మ కాస్త వెనక్కి జరిగింది. తర్వాత నోరు తెరిచింది.

2018లో వచ్చిన 'సుడాని ఫ్రమ్ నైజీరియా' అనే మలయాళ సినిమా తప్పక చూడండి. మలప్పురంలో ఫుట్‌బాల్ ఆడడానికి వచ్చిన నైజీరియా కుర్రాడికి దెబ్బ తగిలితే టీమ్ మేనేజర్ తన ఇంటికి తీసుకెళ్తాడు. భాష రాకపోయినా అతని తల్లీ, పొరుగావిడా ఆ కుర్రాణ్ణి చూసుకునే తీరు చూసి నాకు మా అమ్మే గుర్తొచ్చింది. అతనిది నైజీరియా అయినా అందరూ "సుడాని" అంటారు. మా వీధిలోనూ ఈ అబ్బాయి చాలాకాలం "ఆఫ్రికా"నే. అమ్మ పేరు పెట్టి పిలవడం మొదలెట్టాకే మిగతావాళ్లూ ఆ పేరు నేర్చుకున్నారు.

ఇలాంటి కథల్లో ఒక్కటే నాకు నచ్చదు. వచ్చినవాడికి జబ్బో, గాయమో, పోలీసు కేసో అయితేగాని ఎవరూ తలుపు తీయరు. మా మేడ మీద అబ్బాయికి ఏ ఆపదా రాలేదు. చోళ్లు ఏ కొట్లో మంచివి దొరుకుతాయో చెప్పేవాళ్లు కావలసి వచ్చింది, అంతే.

చదువైపోయి అతను వెళ్లిపోయాడు. చోడి అట్టు వేసినప్పుడల్లా అమ్మ నాచేత వాట్సాప్‌లో ఫొటో పెట్టిస్తుంది. "ఇంకో రోజు పులియనివ్వాలమ్మా" అని తెలుగులోనే జవాబిస్తాడు.