టీ నీళ్ళు ఎందుకు మరుగుతున్నాయి?

కడప

తమ్ముడూ,

ఫిజిక్స్ ప్రొఫెసరుగా ఉండి చర్చి ప్రీస్టు అయిన ఇంగ్లండు ఆయన జాన్ పోకింగ్‌హార్న్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రాత్రే చదివాను. మొదటి పేజీలోనే ఆయన్ని ‘వేదాంతి’ అన్నావు. మన పక్క వేదాంతి అంటే పంట ఎండినా ‘ఏముందిలే నాయనా, అంతా మాయ’ అనేవాడు. ఈయన దైవశాస్త్రం చదివిన మనిషి, మన సీఎస్‌ఐ చర్చిలో అయ్యగారు అంటామే, అట్లా. ఆ మాటే రాయి.

నాకు మింగుడుపడనిది ముగింపు. ‘చివరికి సైన్సు దేవుడి ముందు తల వంచింది’ అన్నావు. ఎప్పుడు వంచింది? 1979లో ఆయన కేంబ్రిడ్జిలో ప్రొఫెసర్ పదవి వదిలేసింది ఫిజిక్స్ మీద విసుగు పుట్టి కాదు, అందులో తన వంతు అయిపోయిందనుకుని. పైగా ఆయన పీహెచ్‌డీ గైడు అబ్దుస్ సలాం, దైవభక్తి గల ముస్లిం. శిష్యుడు కుర్చీ వదిలిన ఏడాదే ఆ గురువుకు ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చింది. పెద్ద దర్గా ఉన్న ఊళ్ళో పెరిగిన నీ కంటికి ఇది ఆనకపోవడమేంది?

నేనూ ఈ తప్పు చేసినవాణ్నే. విశ్వం వ్యాపిస్తోందని 1927లోనే లెక్క కట్టిన బెల్జియం ఫాదర్ లెమేత్ర్ మీద రాస్తూ, సృష్టికి మొదలుందన్న బైబిలు మాట రుజువైపోయిందని జబ్బ చరిచాను. 1951లో పోపుగారే ఆ ధోరణిలో మాట్లాడితే లెమేత్ర్‌కు నచ్చలేదని తర్వాత చదివాను. ఆ పత్రిక ఇప్పటికీ బీరువా అడుగునే ఉంది.

నీ వ్యాసంలో బంగారమంతా ఆ టీ కెటిల్ ఉదాహరణ దగ్గరుంది. నీళ్ళు ఎందుకు మరుగుతున్నాయి? గ్యాసు మంట వేడికి. టీ తాగాలనిపించింది గనక. రెండూ నిజమే, ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కర్లేదు. పోకింగ్‌హార్న్ చెప్పిన ఈ సంగతిని ఒక్క వాక్యంలో తోసేశావు. రేపు పొద్దున మీ వంటింట్లో నిలబడి చూడు. గిన్నె అడుగున సన్న బుడగలు, మూత అదరడం, ఆ టీ ఎవరి కోసమో. అది చూశాక రాయి.

ఆధ్యాత్మిక రంగంలో ఇచ్చే టెంపుల్టన్ బహుమతి 2002లో ఆయనకు వచ్చిందని ఒక పేరా ఇచ్చావు. సరే. 1982లో ప్రీస్టు అయ్యాక, ఇంగ్లండులో బ్లీన్ అనే పల్లెలో చర్చి చూసుకున్న రోజుల్ని మాత్రం ముట్టుకోలేదు. పరమాణువు లోపలి లెక్కలు చేసిన మనిషి పల్లె జనానికి ఆదివారం ఏం చెప్పాడో ఆయన పుస్తకాల్లో వెతుకు. దొరక్కపోతే ఊహించి మాత్రం రాయొద్దు.

ఆదివారం ఏడురోడ్ల దగ్గరికి రా. ఎర్ర సిరాతో దిద్దిన ప్రతి తెస్తాను. టీ ఖర్చు నీది.

మీ అన్న