కొత్త కెమెరాతో కారు ఫోటోలు ఎలా మొదలుపెట్టాలి?

కొత్త కెమెరా, దాంతో పాటే వచ్చే 18-55 కిట్ లెన్స్ (జూమ్ లెన్స్) ఉన్నాయి, ఉండేది నెల్లూరులో, కారు ఫోటోలు నేర్చుకోవాలి అన్నారు. సెట్టింగుల కంటే ముందు వెలుతురు చూడండి. కారు పెయింటు అద్దంలాంటిది. ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం, గోడ, చివరికి మీ చొక్కా కూడా అందులో పడతాయి. అందుకే చుట్టూ ఖాళీగా ఉండే చోటు కావాలి. మైపాడు బీచ్ వైపు తెల్లవారకముందే వెళ్లండి. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రం మీదే వస్తాడు. ఆయన పైకి రాకముందు ఉండే ఇరవై నిమిషాలు నాకు చాలా ఇష్టం: గట్టి నీడలుండవు, ఆకాశపు వెలుగు బానెట్ మీద నున్నగా పరుచుకుంటుంది. మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు.

లెన్స్‌ను 18 దగ్గర, అంటే వెడల్పుగా చూపే చివర పెట్టి, దగ్గరికెళితే కారు ముక్కు ఉబ్బినట్టు వస్తుంది. జూమ్ చేసే చివర 55కి తిప్పి, మీరు వెనక్కి నడవండి. మోకాళ్ల మీద కూర్చుని హెడ్‌లైట్ల ఎత్తు నుంచి తీయండి. ముందు చక్రాలు కొంచెం తిప్పితే టైరు అంచు కాకుండా వీల్ డిజైన్ కనపడుతుంది. ట్రైపాడ్ ఉంటే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం ఎంత తెరవాలో చెప్పే అంకె) చాలు.

తర్వాత డబ్బు పెడితే లెన్స్ ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ మీద పెట్టండి. దాన్ని తిప్పుతూ చూస్తే అద్దాల మీది మెరుపు తగ్గి లోపలి సీట్లు కనిపిస్తాయి. కొంత వెలుతురు తినేస్తుంది, అందుకే షట్టర్ నెమ్మదిస్తుంది, అంటే ఎక్కువసేపు తెరిచి ఉండాలి.

ఇసుకలో మాత్రం లెన్స్ మార్చకండి, ఆ పని కారులో కూర్చుని చేయండి.