ప్రైమరీల్లో సర్వేలు చూడాలా, డెలిగేట్ల లెక్క చూడాలా?

"అమెరికా ప్రైమరీల్లో సర్వేలు ఒకటి చెబుతుంటే డెలిగేట్ల లెక్క ఇంకోటి చెబుతోంది, దేన్ని పట్టించుకోవాలి?" అని అడిగారు. ప్రైమరీలంటే అధ్యక్ష పదవికి తమ పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి రాష్ట్రాల వారీగా జరిగే ఎన్నికలు. డెలిగేట్లంటే వాటి ఫలితాన్ని బట్టి పార్టీ మహాసభకు వెళ్లి అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు. నేనైతే 2008 నుంచీ డెలిగేట్ల లెక్కే చూస్తున్నాను. అప్పట్లో న్యూజెర్సీలో ఉద్యోగం, హెచ్‌-1బి వీసా. ఓటు లేదు. అయినా డెమోక్రాటిక్ పార్టీలో ఒబామా, హిల్లరీల పోటీని మా ఊరి సర్పంచ్ ఎన్నికంత టెన్షన్‌తో చూసేవాణ్ణి.

సర్వేలు వేస్ట్ అనను గానీ ప్రైమరీల్లో అవి బాగా తడబడతాయి. ఆ జనవరిలో న్యూ హ్యాంప్‌షైర్‌లో ఒబామాదే గెలుపు అని దాదాపు అందరూ తేల్చేశారు, తీరా చూస్తే హిల్లరీ గెలిచారు. పోటీలో ఉన్నవాళ్లంతా ఒకే పార్టీ వాళ్లు కాబట్టి ఓటర్లు ఆఖరి రెండు రోజుల్లో కూడా అటు నుంచి ఇటు దూకేస్తారు. పైగా ఓటు వేయడానికి ఎవరొస్తారో ఊహించడం కష్టం.

అసలు మజా ఫిబ్రవరి 5న, చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే సూపర్ ట్యూస్‌డే నాడు. న్యూజెర్సీలో హిల్లరీ పది పాయింట్ల తేడాతో గెలిచారు. ఆవిడ వీరాభిమాని అయిన మా కొలీగ్ లంచ్‌లో ఒకటే హుషారు. లెక్కలన్నీ వచ్చాక నేను ఎక్సెల్ షీట్ తెరిచి ఐడహో వరుస చూపించాను. న్యూజెర్సీలో పదకొండు లక్షల మందికి పైగా ఓటేస్తే డెలిగేట్లు 59-48, అంటే హిల్లరీకి 11 ఎక్కువ. ఐడహోలో జరిగినవి కాకస్‌లు, అంటే పార్టీ వాళ్లు ఒకచోట చేరి అభ్యర్థిని ఎంచుకునే సమావేశాలు. వాటికి వచ్చినవాళ్లు ఇరవై వేల పైచిలుకు. అక్కడ ఒబామాకు 15, ఆవిడకు 3. పన్నెండు ఎక్కువ! "ఇదేం అన్యాయం" అంది మా కొలీగ్.

అన్యాయమో కాదో గానీ డెమోక్రాట్ల పద్ధతి అది. గెలిచినవాళ్లకే అన్నీ ఇవ్వరు, ఓట్ల శాతాన్ని బట్టి పంచుతారు. అందులోనూ ఎక్కువ భాగం నియోజకవర్గాల వారీగా. ఇద్దరే పోటీలో ఉన్నారనుకోండి. నాలుగు డెలిగేట్లున్న చోట 60 శాతం ఓట్లు తెచ్చుకున్నా 2-2తో సరి, 62.5 దాటితేనే 3-1. మూడే ఉన్న చోట ఒక్క ఓటు ఎక్కువొచ్చినా 2-1. రాష్ట్రమంతటికీ కలిపి చెప్పే సర్వేలో ఈ సంగతి కనబడదు. ఎక్కువమంది పోటీలో ఉంటే 15 శాతం గీత కూడా చూసుకోవాలి, దాని కింద ఉన్నవాళ్లకు ఏమీ రాదు. ఆ ఏడాదే టెక్సస్ ప్రైమరీలో హిల్లరీకి ఓట్లు ఎక్కువొచ్చాయి. అదే రాష్ట్రంలో జరిగిన కాకస్‌లు కూడా కలిపితే డెలిగేట్లు మాత్రం ఒబామాకే ఎక్కువ.

రిపబ్లికన్లది వేరే దారి, రాష్ట్రానికో రూలు. 2016లో సౌత్ కరోలినాలో ట్రంప్‌కు మూడో వంతు ఓట్లు కూడా రాలేదు, అయినా 50కి 50 డెలిగేట్లూ ఆయనకే.

డెమోక్రాట్ల లెక్క చూసేటప్పుడు సూపర్ డెలిగేట్లను, అంటే ఓట్లతో పనిలేకుండా హోదా వల్ల డెలిగేట్లయ్యే పార్టీ నేతలను, కలిపేసిన మొత్తం చూడకండి. ఓట్లతో వచ్చిన ప్లెడ్జ్‌డ్ డెలిగేట్ల కాలమ్ విడిగా ఉంటుంది, అది చూడండి. ఆ తర్వాత, వెనకబడిన అభ్యర్థి మిగిలినవాటిలో ఎంత శాతం గెలిస్తే అందుకోగలరో వేసుకోండి. 2016 మార్చి 8న మిషిగన్‌లో సర్వేలన్నిటినీ తలకిందులు చేసి, డెమోక్రాట్లలో హిల్లరీతో పోటీపడిన శాండర్స్ గెలిచారు. టీవీల్లో రాత్రంతా అదే హడావిడి. ఆయనకు దక్కిన ఆధిక్యం నాలుగు డెలిగేట్లు. అదే రోజు మిసిసిపీలో హిల్లరీ 31-5తో గెలిచారు, కాబట్టి ఆ రాత్రి ఆవిడ ఆధిక్యం పెరిగిందే గానీ తగ్గలేదు.