52ఎక్స్ డ్రైవ్ చదవనన్న డిస్కుని పాత వీసీడీ ప్లేయర్ ఎలా చదువుతుంది?

మీరు అడిగినవి రెండు. గీతలు పడ్డ సీడీని 52ఎక్స్ (మామూలు ప్లేయర్ వేగానికి గరిష్ఠంగా 52 రెట్లు) డ్రైవ్ బయటికి నెట్టేస్తుంటే, ఇంట్లో మూలపడ్డ వీసీడీ ప్లేయర్ దాన్నే ఎలా లాగించేస్తోందన్నది ఒకటి. పాత డిస్కుల్లోంచి డేటా తీసే రీడర్ని ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా చేస్తే వేగం చూసుకోవాలా, మొండి డిస్కుల్ని చదవడం చూసుకోవాలా అన్నది రెండోది. బెంగళూరులో కొన్నేళ్లు డీవీడీ ప్లేయర్లలో లెన్స్‌ని ట్రాక్ మీద నిలిపే సర్వో ఫర్మ్‌వేర్ మీద పనిచేశాను. నా లెక్కన ఈ రెండూ ఒకటే ప్రశ్న.

ప్లేయర్ సంగతి ముందు. కంప్యూటర్ సీడీలో ఒక్కో సెక్టార్‌కి (డేటా ముక్కకి) 2048 బైట్ల డేటా, దాని వెనక తప్పులు దిద్దడానికి ఇంకో 276 బైట్లు ఉంటాయి. వీసీడీలో సినిమా ఉన్న సెక్టార్‌లో ఆ అదనపు దిద్దుబాటు లేదు, 2324 బైట్లూ బొమ్మకీ శబ్దానికీ పోతాయి. కొన్ని బైట్లు పోతే హీరో మొహం మీద గళ్లు పడతాయి, పాట మాత్రం సాగిపోతుంది. డ్రైవ్‌కి ఆ వెసులుబాటు లేదు. ఒక్క బైట్ తేడా ఉన్నా జిప్ ఫైల్ తెరుచుకోకపోవచ్చు, కాబట్టి మళ్లీ మళ్లీ చదివి చివరికి చేతులెత్తేస్తుంది. ప్లేయర్ గొప్పతనంలో సగం దాని పట్టింపు లేకపోవడమే.

మిగతా సగం నిదానం. సీడీ మీద ట్రాకుల మధ్య దూరం 1.6 మైక్రాన్లు. డిస్క్ బెజ్జం ఎప్పుడూ కచ్చితంగా నడిమధ్యలో ఉండదు, ట్రాక్ 70 మైక్రాన్ల దాకా అటూ ఇటూ ఊగినా స్టాండర్డ్ ఒప్పుకుంటుంది. అంటే నలభై పైచిలుకు ట్రాకుల వెడల్పు! ఆ ఊపుని లెన్స్ దాదాపు 0.1 మైక్రాన్ తేడాలో అనుసరించాలి. ప్లేయర్‌లో డిస్క్ లోపలి అంచు దగ్గర నిమిషానికి 500 చుట్లు తిరుగుతుంది, 52ఎక్స్ డ్రైవ్‌లో 10,000 దాటుతుంది. వేగం 20 రెట్లే పెరిగింది గానీ, లెన్స్‌కి కావలసిన త్వరణం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 400 రెట్లు కావాలి. పైగా పెట్టె మీద రాసిన ఆ 52 బయటి అంచు దగ్గర మాత్రమే. డేటా లోపలినుంచి మొదలవుతుంది, అక్కడ దక్కేది 22ఎక్స్ చుట్టుపక్కల. సగం నిండిన సీడీ జన్మలో 52 చూడదు. ఒకప్పుడు కెన్‌వుడ్ 72ఎక్స్ డ్రైవ్ అమ్మింది. అది డిస్కుని ఇంకా గిరగిరా తిప్పకుండా లేజర్‌ని ఏడు కిరణాలుగా చీల్చి ఏడు ట్రాకులు ఒకేసారి చదివేది. నాకు అది చాలా నచ్చిన ఆలోచన, మార్కెట్‌కి నచ్చలేదు.

ఇక అసలు ముడి. వేగంగా తిరిగే డిస్కుని అందుకోవాలంటే సర్వో గెయిన్ (తేడా కనిపిస్తే ఎంత గట్టిగా స్పందించాలన్నది), బ్యాండ్‌విడ్త్ (ఎంత త్వరగా స్పందించాలన్నది) పెంచాలి. పెంచితే లెన్స్ ట్రాక్‌తో పాటు గీతని కూడా అనుసరిస్తుంది. గీత మీద నుంచి వచ్చే తప్పుడు ఎర్రర్ సిగ్నల్‌ని నమ్మి పరిగెత్తి, గీత దాటేసరికి పక్క ట్రాకులో తేలుతుంది. అత్తారింట్లో కొత్తల్లుడిలా, ఎవరేం చెప్పినా చేసేస్తే ఇదే గతి. గెయిన్ తగ్గిస్తే గీతని పట్టించుకోదు గానీ, బల్ల మీద చెయ్యి గట్టిగా వేస్తే ట్రాక్ తప్పుతుంది. ఈ రెండింటికీ ఒకేసారి సరిపోయే సెట్టింగ్ నేనెక్కడా చూడలేదు.

మా ల్యాబ్‌లో నల్లచుక్క, వేలిముద్ర, గీత ముద్రించిన టెస్ట్ డిస్కులుండేవి. అవన్నీ బుద్ధిమంతులు, పాసైపోయేవి. అసలు పరీక్ష మారతహళ్లిలో తెలుగు సినిమాలు అద్దెకిచ్చే షాపుల్లో నలిగిన డిస్కులు, నేషనల్ మార్కెట్ ఫుట్‌పాత్ సరుకు. అవి పెడితేనే ప్లేయర్ సత్తా బయటపడేది. చివరికి గెయిన్‌ని ఒకేచోట బిగించకుండా, వెనక్కి వచ్చే కాంతి హఠాత్తుగా పడిపోతే సర్వోని ఆ క్షణానికి పాత విలువ మీద ఆపేసి, గీత దాటాక మళ్లీ వదిలేవాళ్లం. గీత ట్రాక్ వెంబడి పొడుగ్గా ఉంటే మాత్రం ఈ మందు కూడా పనిచేయదు. అందుకే డిస్కుని గుండ్రంగా తుడవొద్దని, మధ్యనుంచి అంచుకి తుడవమని చెప్పేది.

కొత్త ఫార్మాట్ ఆప్టిక్స్ మంచిది కదా అనుకోకండి. సీడీ 780 నానోమీటర్ల లేజర్, 0.45 ఎన్ఏ (లెన్స్ ఎంత వెడల్పు కోణంలో కాంతిని ఒకచోటికి తెస్తుందో చెప్పే అంకె). బ్లూరే 405, 0.85. చుక్క చిన్నదై డేటా పెరిగింది, నిజమే. కానీ ఫోకస్ లోతు ఎన్ఏ వర్గంతో తగ్గుతుంది, తరంగదైర్ఘ్యం తగ్గడం కూడా కలిస్తే సీడీతో పోలిస్తే ఏడో వంతు. డిస్క్ వంగినప్పుడు వచ్చే కోమా (చుక్క తోకచుక్కలా సాగిపోయే దోషం) ఎన్ఏ ఘనంతో పెరుగుతుంది. దాన్ని అదుపులో ఉంచడానికే పారదర్శక పొరని 1.2 మిల్లీమీటర్లనుంచి 0.1కి దించారు. దానికి ఇంకో మూల్యం ఉంది. సీడీ ఉపరితలం మీద కిరణం ముప్పావు మిల్లీమీటర్ వెడల్పుంటుంది, చిన్న దుమ్ము దానికి లెక్కలేదు. బ్లూరేలో ఆ వెడల్పు 0.13 మిల్లీమీటర్ దరిదాపు, అదే దుమ్ము దారిని సగం మూసేస్తుంది. మొదట్లో ఆ డిస్కుల్ని డబ్బాలో పెట్టి అమ్మడానికీ, తర్వాత గట్టి పూత వేయడానికీ కారణం ఇదే.

మీ ప్రాజెక్టుకి నా సలహా: వేగం 4ఎక్స్, మహా అయితే 8ఎక్స్ దగ్గర ఆపండి. చదవలేని సెక్టార్ వస్తే వేగం ఇంకా దించి ప్రయత్నించేలా రాయండి, పంతం పట్టి అదే వేగంతో కాదు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో పాత డ్రైవ్ కొంటే 780 నానోమీటర్ల లేజర్ కూడా ఉన్న పికప్ (లేజర్, లెన్స్ ఉండే భాగం) తీసుకోండి. డీవీడీకి వాడే 650 నానోమీటర్ల లేజర్ ఒక్కటే ఉంటే కంపెనీ ప్రెస్ చేసిన సీడీ చదివినా సీడీ-ఆర్ (ఇంట్లో రైట్ చేసే సీడీ) చదవదు, ఎందుకంటే దాని రంగుపొర ఆ కాంతిని సరిగ్గా తిప్పి పంపదు. పికప్ మీదుండే చిన్న ప్రీసెట్ (సర్దుబాటు స్క్రూ) తిప్పి పవర్ పెంచితే చదువుతుందని షాపులో ఎవరైనా చెబితే వినకండి. కొన్నాళ్లు చదువుతుంది, తర్వాత లేజరే పోతుంది.

ఇంతకీ మీ దగ్గరున్నవి ఇంట్లో రైట్ చేసినవా, కంపెనీ ప్రెస్ చేసినవా? అది చెబితే గెయిన్ ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను.