పునాదిరాయికి ముందు ఫీజు సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొంపల్లి దాటాక మీ విచారణలోని (పారిష్‌లోని) ఐదారు కుటుంబాలు కలిసి ఒక చిన్న కథోలిక పాఠశాల పెట్టాలనుకుంటున్నారు, ఒకరు స్థలం ఇస్తామన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత ఖర్చవుతుంది అని అడిగారు. నగర శివారులో అలాంటి ఒక బడికి నేను మొదటి రోజు నుంచి తొమ్మిదేళ్లు ప్రధానోపాధ్యాయినిగా ఉన్నాను. 2011 జూన్‌లో 63 మంది పిల్లలతో, ఐదుగురు టీచర్లతో, అద్దెకు తీసుకున్న రెండంతస్తుల ఇంట్లో మొదలుపెట్టాం. నాకు తెలిసినదంతా ఆ తొమ్మిదేళ్లలో నేర్చుకున్నదే.

ముందుగా వెళ్లవలసింది విద్యాశాఖ కార్యాలయానికి కాదు, పీఠాధిపతి (బిషప్) దగ్గరికి. పెట్టేవాళ్లు కథోలికులైతే, ఆవరణలో మరియమాత స్వరూపం నిలిపితే అది కథోలిక పాఠశాల అయిపోతుందని చాలామంది అనుకుంటారు. శ్రీసభ, అంటే కథోలిక సంఘం, చట్టం అలా చెప్పదు. 1983 నాటి చట్టసంహితలో 803వ నియమం ప్రకారం, నిజానికి కథోలిక స్వభావం ఉన్న బడి అయినా సరే, శ్రీసభ అధికారి సమ్మతి లేకుండా ఆ పేరు పెట్టుకోకూడదు. మా విచారణ గురువు మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు అక్కడి ఫాదర్ ఒకరు అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఐదు కిలోమీటర్ల దూరంలో సిస్టర్ల బడి ఉంది కదా, మీది ఎవరి కోసం?" ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేదు. తిరిగి వచ్చి చుట్టుపక్కల కాలనీలు, ఇటుక బట్టీలు, కోళ్ల ఫారాలు నడిచి తిరిగాం. ఆ బడి బస్సు తమ వీధికి రాక, వచ్చినా ఆ ఛార్జీ కట్టలేక పిల్లలను ఇంట్లోనే ఉంచుకున్న కుటుంబాలు కనిపించాయి. అప్పుడు జవాబు దొరికింది. సమ్మతి చేతికి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ వృథా కాలేదని ఖచ్చితంగా చెప్పగలను.

ఇంకో విషయం ఎవరూ ముందుగా చెప్పరు. హైదరాబాద్‌లో కథోలిక బడి అనగానే మనకు గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్, రోజరీ కాన్వెంట్, అబిడ్స్‌లోని లిటిల్ ఫ్లవర్, సికింద్రాబాద్‌లోని సెయింట్ ఆన్స్ గుర్తుకొస్తాయి. ఆల్ సెయింట్స్ 1855 నాటిది. ఇలాంటి బడుల వెనుక మఠవాస సభలు ఉన్నాయి. పేదరికపు వ్రతం తీసుకున్న సిస్టర్లు, బ్రదర్లు ఆవరణలోనే నివసిస్తూ, జీతం సొంతానికి వాడుకోకుండా తరతరాలుగా పనిచేశారు. వాటి ఫీజు చూసి మీ ఫీజు లెక్క వేసుకుంటే మొదటి ఏడాదే మునిగిపోతారు. గృహస్థులు నడిపే బడిలో ప్రతి టీచరుకూ ఇంటి అద్దె ఉంటుంది, పిల్లలు ఉంటారు, ముసలి తల్లిదండ్రులు ఉంటారు. ఏదైనా సభవారు ఇద్దరు సిస్టర్లను పంపగలరేమో అడగండి. పంపలేకపోతే జీతాల లెక్కను వ్యాపారి వేసినంత నిక్కచ్చిగా వేసుకోండి.

ప్రభుత్వ కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అవి శ్రమే తప్ప చిక్కుముడి కాదు. సొసైటీ గానీ ట్రస్టు గానీ రిజిస్టర్ చేయించాలి. ప్రైవేటు బడుల స్థాపన, గుర్తింపు, నిర్వహణకు ఆధారం 1994 జనవరి 1న వచ్చిన ఒకటో నంబరు జీవో. ముందు స్థాపనకు అనుమతి, ఆ తర్వాత గుర్తింపు. భవన దృఢత్వ ధ్రువపత్రం, అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం, పారిశుద్ధ్య ధ్రువపత్రం, ఆటస్థలం ఆధారాలు చూపాలి. స్థలం ఇస్తామన్న పెద్దమనిషి మాటను ఎంత గౌరవించినా, దానపత్రం సొసైటీ పేరుమీద రిజిస్టర్ అయ్యేదాకా అక్కడ ఒక్క ఇటుక కూడా పెట్టకండి. మా అద్దె ఇంటి యజమాని చదువుల మధ్యలో, డిసెంబరులో, ఇల్లు ఖాళీ చేయమన్నారు. క్రిస్మస్ సెలవుల్లో బల్లలు మోసుకుంటూ తిరిగాం. 2018 చట్టం ప్రకారం తెలుగు బోధన తప్పనిసరి కాబట్టి మంచి తెలుగు టీచరును మొదటి నియామకాల్లోనే చూసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. రాజ్యాంగం 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు స్థాపించుకుని నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. 2004 చట్టంతో ఏర్పడిన జాతీయ మైనారిటీ విద్యాసంస్థల కమిషన్ ద్వారా ఆ హోదా పొందవచ్చు. విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఇవ్వాలంటుంది. సుప్రీంకోర్టు 2012లో ప్రభుత్వ సాయం పొందని మైనారిటీ బడులను, 2014లో మైనారిటీ బడులన్నిటినీ ఆ చట్టం నుంచి మినహాయించింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ 2014 తీర్పుపై సందేహం వ్యక్తం చేసింది కాబట్టి ముందుముందు మారవచ్చు. ఇవాళ్టికైతే పేద పిల్లవాడిని చేర్చుకోమని చట్టం మిమ్మల్ని బలవంతపెట్టదు. అందుకే ఆ నియమం మీరే రాసుకోవాలి. పునాదిరాయి వేయకముందే, సొసైటీ నిబంధనల్లోనే రాసుకోవాలి.

మేము రాసుకోలేదు. మనసులో ఉంటే చాలనుకున్నాం. రెండో ఏడాది అర్ధసంవత్సర పరీక్షలప్పుడు డబ్బుకు బాగా ఇబ్బంది వచ్చింది. ఫీజు బకాయి ఉన్నవారిని పరీక్షకు అనుమతించవద్దని నోటీసు రాసి, దాని మీద నేనే సంతకం చేశాను. ఆ ఉదయం వరండాలో ముగ్గురు పిల్లలు నిలబడ్డారు. వారిలో మూడో తరగతి పాప ఒకతె. తండ్రి సెంట్రింగ్ పనిలో పైనుంచి పడి రెండు నెలలుగా మంచంలో ఉన్నాడని నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. మరుసటి రోజు నేనే వాళ్లింటికి వెళ్లాను. తల్లి నన్ను కూర్చోమంది, మంచినీళ్లు ఇచ్చింది, ఒక్క మాట అనలేదు. పాపను మాత్రం మళ్లీ పంపలేదు. ఇరవై రోజులకు బదిలీ పత్రం తీసుకుని ప్రభుత్వ బడిలో చేర్చారు. గోడమీద "చిన్నబిడ్డలను నా యొద్దకు రానిండు" అన్న వాక్యం కిందే ఆ ముగ్గురినీ నిలబెట్టాం.

ఆ తర్వాత మూడు నియమాలు పెట్టుకుని తీర్మానంగా రాశాం. ఫీజు గురించి పెద్దలతోనే మాట్లాడాలి, పిల్లల ముందు ఆ ఊసు రాకూడదు. ప్రతి ఆరు సీట్లలో ఒకటి ఉచితం లేదా సగం ఫీజు. అది ఎవరికన్నది కరస్పాండెంటుకు, నాకు తప్ప ఏ టీచరుకూ తెలియకూడదు. ఆ సీట్ల ఖర్చు కోసం నెలలో మొదటి ఆదివారం పూజ తర్వాత వేరే నిధి పోగుచేశాం. కొన్ని నెలలు నిండింది, కొన్ని నెలలు నిండలేదు. నిండని నెలల్లో రంగులు వేయడం ఆపాం, ఆర్చి కట్టడం వాయిదా వేశాం. విదేశీ విరాళాల మీద ఆశ పెట్టుకోకండి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థ కనీసం మూడేళ్లు పనిచేసి ఉండాలి. మొదటి ఏళ్లు ఊరి డబ్బుతోనే గడవాలి.

ఉచిత సీట్లు ఇస్తూ ఆ భారం టీచర్ల మీద వేసే పొరపాటు కూడా జరుగుతుంది, అదీ అన్యాయమే. ఫీజు రాబడిలో సగం జీతాలకు వెళ్లాలని ఆ 1994 జీవోనే చెబుతుంది. మాకు అది ఎప్పుడూ సగంతో ఆగలేదు. వేసవి రెండు నెలలు జీతం ఎగ్గొట్టే అలవాటు చాలా ప్రైవేటు బడుల్లో ఉంది. మేము పన్నెండు నెలలూ ఇచ్చాం, ఒకటో తేదీనే ఇచ్చాం. మొదటి ఏడాది ముగ్గురు టీచర్లు మధ్యలో వెళ్లిపోయారు. ఆ పద్ధతి స్థిరపడ్డాక నాలుగేళ్లలో ఒక్కరే వెళ్లారు, అదీ పెళ్లై వేరే ఊరు వెళ్లడం వల్ల.

మతబోధ గురించి మీరు అడగలేదు కానీ అడ్మిషన్ల రోజు తల్లిదండ్రులు అడుగుతారు. మా 63 మందిలో కథోలికులు 11 మందే. గుర్తింపు ఉన్న సంస్థలో సంరక్షకుల సమ్మతి లేకుండా పిల్లలను మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. మన పిల్లలకు సత్యోపదేశం, అదే పీరియడులో మిగతావారికి నీతిబోధ పెట్టాం. దరఖాస్తులోనే తెలుగులో స్పష్టంగా రాశాం. తొమ్మిదేళ్లలో దీనిపై ఒక్క ఫిర్యాదు రాలేదు.

ఎంత ఖర్చవుతుందంటే, భవనం సంగతి ఇంజనీరు చెబుతాడు. నేను చెప్పేది ఒక్క లెక్క. టీచర్లకు, ఆయాకు, వాచ్‌మన్‌కు రెండేళ్ల జీతాలు, ఆరింట ఒక వంతు సీట్ల ఫీజు రాదనుకుని, బ్యాంకులో ఉన్నప్పుడే మొదలుపెట్టండి. వచ్చే ఆదివారం పూజ అయ్యాక మీ కుటుంబాలన్నీ కూర్చుని ఆ మొత్తం ఎంతో కాగితం మీద వేయండి. వేశాక ఇక్కడే రాయండి. మా మొదటి ఏడాది జమాఖర్చుల పుస్తకం నా దగ్గరే ఉంది, పక్కపక్కన పెట్టి చూద్దాం.