ఆ టీకా అమెరికా వైరస్‌కేనా?

ప్రశ్న: డాక్టరమ్మా, మాది షోలాపూర్. బీడీ కార్మికుల కాలనీ విడి ఘర్కుల్‌లో ఉంటాం. నేను బీడీలు చుడతాను, మా ఆయన పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు. మా అత్తమ్మ గర్భసంచి మూతి క్యాన్సర్‌తో పోయింది. పాపకు 13 ఏళ్లు, ఆ క్యాన్సర్ రాకుండా వైరస్ టీకా వేయిద్దామంటే మా మరిది వద్దంటున్నాడు. ‘ఆ వైరస్ ఒక్కో దేశంలో ఒక్కో రకం, టీకా అమెరికా రకానికి చేసింది’ అని ఫోన్‌లో చూపించాడు. నిజమేనా? నాకూ ఆ క్యాన్సర్ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

— ఒక సోదరి, షోలాపూర్

జవాబు: మీ మరిది మాటలో మొదటి సగం నిజమేనమ్మా. చిక్కల్లా అక్కడే, పూర్తి అబద్ధమైతే ఎవరూ నమ్మరు.

ఈ క్యాన్సర్‌కు కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఇందులో 200కు పైగా రకాలున్నాయి, వాటికి పేర్లు లేవు, నంబర్లే. క్యాన్సర్ తెచ్చేవి ఓ డజను పైచిలుకు. 52, 58 నంబర్లు చైనా, జపాన్ వైపు ఎక్కువగా కనిపిస్తాయి. కానీ 16, 18 మాత్రం అన్ని దేశాల్లోనూ ముందుంటాయి. ప్రపంచంలో ఈ క్యాన్సర్లలో దాదాపు 70 శాతం ఈ రెండింటివే, మన దేశంలో వాటి వాటా ఇంకా ఎక్కువ.

ఒక్క 16లోనే మళ్లీ శాఖలున్నాయి. ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేవి కొన్ని, తూర్పు ఆసియాలో ఒకటి, దక్షిణ అమెరికా వైపు ఇంకొకటి. ఈ చివరిదానికి ఒక తరహా క్యాన్సర్‌తో బలమైన సంబంధం ఉందని కూడా తేలింది. అయితే టీకాను వైరస్ పైపెంకును చూసి తయారుచేస్తారు. ఆ పెంకు 16లోని శాఖలన్నిటికీ దాదాపు ఒకటే. మీ ఊరి చద్దర్లకు అంచు రంగు మారినంత మాత్రాన నేత మారుతుందా? ఇదీ అంతే. పుణేలో తయారై 2023లో వచ్చిన మన సర్వావాక్ టీకాలో 16, 18 రెండూ ఉన్నాయి. వేయించండి. 15 ఏళ్లు నిండకముందే మొదలుపెడితే ఆరు నెలల తేడాతో రెండు డోసులు చాలు, ఆ తర్వాతైతే మూడు.

ఇక మీ సంగతి. అత్తమ్మకు వచ్చిందని మీకు రావాలని లేదు, ఇది వైరస్ తెచ్చే జబ్బు. కానీ పరీక్ష మాత్రం చేయించుకోవాలి. ఎందుకంటారా, ఎక్కడో అమెరికా దాకా ఎందుకు, మీ పొరుగు ఉస్మానాబాద్ జిల్లాలోనే (ఇప్పుడు ధారాశివ్) 1999 నుంచి లక్షా 30 వేల మందికి పైగా ఆడవాళ్లతో పెద్ద అధ్యయనం జరిగింది. మీ జిల్లాలోని బార్శీ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు అందులో ఉన్నారు. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన గుంపులో ఈ క్యాన్సర్‌తో 34 మంది చనిపోతే, ఏ పరీక్షా చేయని గుంపులో 64 మంది. ఆ రెండో గుంపును అలా వదిలేయడం తప్పన్న విమర్శ వచ్చింది, నాకూ అది తప్పే అనిపిస్తుంది.

షోలాపూర్‌లో నేను పనిచేసిన రోజుల్లో, ‘వెయ్యి బీడీలు అప్పజెప్పి వస్తా డాక్టరమ్మా’ అని వెళ్లి ఏడాదికి తిరిగొచ్చినవాళ్లను చూశాను. మీ వయసు రాయలేదు. 30 దాటి ఉంటే, పాపకు టీకా వేయించే రోజే మీరూ ఆ పరీక్ష చేయించుకోండి. నెలసరి లేని రోజు చూసుకుని వెళ్లండి, పది నిమిషాల పని.