హైస్కూల్ పిల్లలు ఫ్రెండ్స్‌ని ఎలా ఎంచుకుంటారు?

నిజానికి పెద్దగా ఎంచుకోరండీ, పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళే. మాది పర్లాకిమిడి, 1936లో ఒడిశాలో కలిసిన ఊరు, ఇంట్లో తెలుగు స్కూల్లో ఒడియా, ఎనిమిదో క్లాసులో నా బెంచి వాడికి తెలుగు ముక్క రాదు, అయినా వాడి డబ్బాలో చకుళి పిఠా (ఒడియా వాళ్ళ దోసె లాంటిది) నాకు, నా పులిహోర వాడికి, అలా మొదలైంది. ఒకే ఆటో, ఒకే ట్యూషన్ కూడా అంతే. ఆ తర్వాతే పోలికలు చూసుకుంటారు, క్రికెట్ పిచ్చి, మార్కులు, ఎవరి ఇంట్లో ఎంత స్ట్రిక్టో (ఇది పెద్దవాళ్ళకి తట్టదు). 13-14 ఏళ్ళకి అమ్మానాన్నల మాట కన్నా జట్టు మాటే ఎక్కువ కాబట్టి పోలిక లేకపోతే తెచ్చుకుంటారు కూడా, మా బ్యాచ్‌లో అందరిదీ ఒకటే కటింగు. సెక్షన్ మార్చారంటే మాత్రం సగం స్నేహాలు అక్కడితో సరి.